గోడలోపలి గొట్టం

బేస్‌మెంటు అనే మాటకు మా రేణిగుంట, తిరుపతి ప్రాంతాలలో ఉన్న అర్థం వేరు, ఆ మాట పుట్టిన దేశాలలో ఉన్న అర్థం వేరు. ఇక్కడ ఎవరైనా "ఇంటికి బేస్‌మెంటు అయింది" అన్నారంటే, పునాదులు పూర్తయి నేలమట్టానికి పైన మూడు నాలుగడుగుల ఎత్తు కట్టుబడి లేచిందని అర్థం. అందులోకి మనిషి దిగడు. లోపల మట్టి పోసి, నీళ్లతో తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తారు. భూమికి దిగువన ఉండే గదిని ఇప్పటివారు సెల్లారు అంటున్నారు, వెనుకటివారు నేలమాళిగ అన్నారు. అమెరికాలో స్థిరపడిన మనవారు బేస్‌మెంటు అంటే అక్కడి మాటగా అంటారు. మెట్లు దిగి వెళ్ళే గది, నాలుగు వైపులా కాంక్రీటు గోడలు, పైన గొట్టాలు, తీగలు. ఆ గోడకు ఒక అలమర బిగించాలన్నప్పుడు వారికి కలిగే సందేహమూ, ఇక్కడ బేస్‌మెంటుకు జానెడు పైన గోడకు కొక్కెం కొట్టాలన్నప్పుడు మనకు కలిగే సందేహమూ మాత్రం ఒక్కటే. లోపల ఏమున్నదో?

ఈ సందేహం అంత పాతది కాదు. మన తాతలకు ఇది లేదు. గోడ అంటే వారికి లోపలా బయటా ఒక్కటే అయిన వస్తువు. రాయి అయితే మధ్యదాకా రాయి, మట్టి అయితే మధ్యదాకా మట్టి. గోడ ఒక పెట్టెగా మారి తన పొట్టలో నీళ్లను, విద్యుత్తును దాచుకోవడం ఎప్పుడు మొదలయింది, దానికి చిల్లు పెట్టే చేతికి భయం ఎప్పుడు పట్టుకుంది అన్నదే ఈ వ్యాసంలో నేను వెదకదలచిన విషయం. గోడల చరిత్ర అంటే కోటలు, ముట్టడులు అనే అలవాటు మనకు ఉంది గనుక, ఇది కాస్త చిన్న విషయంగా కనిపించవచ్చు.

ముందుగా పాత ఇంటి సంగతి. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా ఉన్న ఊళ్ళలో పాత మిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. అడుగున్నర, రెండడుగుల మందం రాతిగోడ, మట్టితోనో సున్నంతోనో కట్టినది. ఆ ఇళ్ళలో గోడకు మేకు కొట్టవలసిన అవసరం బహు తక్కువ. దీపానికి గూడు ఉంది. పుస్తకానికీ పసుపు కుంకుమలకూ మరొక గూడు ఉంది. పాలకుండలకు దూలానికి వేలాడే ఉట్టి, బట్టలకు పైనుంచి తాళ్ళతో కట్టిన దండెం. అంగవస్త్రం తగిలించడానికి చిలకకొయ్య. ఈ చిలకకొయ్యను గమనించండి. గోడ లేచేటప్పుడే రాళ్ళ వరుసల మధ్య దానిని పొదిగి, పైన వరుస బరువును దాని తలమీద పెట్టేవారు. అంటే గోడకు చిల్లుపెట్టి కొయ్య దిగగొట్టడం కాదు, కొయ్య చుట్టూ గోడ కట్టడం. ఇంట్లో ఎవరు ఎక్కడ ఏమి తగిలిస్తారో కట్టకముందే నిర్ణయం అయి ఉండేది. ఆ నిర్ణయం మూడు తరాలు మారేది కాదు. ఈ నిలకడ గొప్పదా, ఇరుకా అనే వాదన ఇక్కడ పెట్టుకోను గాని, ఆ గోడకు డ్రిల్లు అక్కరలేకపోవడానికి కారణం మాత్రం అది.

నీళ్లు బావిలో ఉండేవి, బానలో ఉండేవి. గోడలో ఉండేవి కావు.

అయితే గొట్టం గోడలోకి దూరడం పాశ్చాత్యులు మనకు నేర్పినది అనుకుంటే పొరపాటు. తెలుగుదేశంలోనే దానికి గట్టి సాక్ష్యం ఉంది. గోల్కొండ కోటకు వెళ్ళినవారు చప్పట్ల ప్రతిధ్వని విని, బాలాహిస్సారు ఎక్కి దిగివస్తారు. దారిలో గచ్చు రాలిపోయినచోట గోడలోంచి తొంగిచూసే మట్టిగొట్టాలను చూసేవారు తక్కువ. కుతుబ్‌షాహీల కాలంలో కింది జలాశయాల నుంచి నీటిని అంచెలంచెలుగా, ఎద్దులు తిప్పే చక్రాలతో పైతొట్లకు ఎక్కించి, అక్కడినుంచి కాల్చిన మట్టిగొట్టాల గుండా మహళ్ళకు, తోటలకు, స్నానశాలలకు పంపేవారు. ఆ గొట్టాలను గోడల కట్టుబడిలోనే ఇమిడ్చి సున్నంతో కప్పేశారు. ఒక గొట్టం సన్నని మూతి తరువాతి గొట్టం వెడల్పు మూతిలో దూరుతుంది, సందున సున్నం. చూడడానికి బహు సులువుగా కనిపించే ఈ అమరికలో ఒక చిక్కు ఉంది. మట్టిగొట్టం లోపల పగిలిందంటే అది ఎక్కడ పగిలిందో గోడ చెప్పదు. తడి మాత్రం పది అడుగుల దిగువన ఎక్కడో బయటపడుతుంది. అందువల్ల అటువంటి ఏర్పాటుకు ఎప్పుడూ ఒక మనిషి కావాలి. ఏ తొట్టి నుంచి ఏ గోడలో, ఏ ఎత్తున, ఎటు తిరిగి గొట్టం పోయిందో ఎరిగిన మనిషి. 1687లో కోట ఔరంగజేబు వశమయింది. రాజ్యంతోపాటు రాజధాని హోదా పోయింది. నీటిని ఎక్కించే ఎద్దులకూ మనుషులకూ జీతాలిచ్చే చేయి లేకపోయాక, గోడల్లోని గొట్టాలు ఉత్త మట్టి అయిపోయాయి. నేడు మనం వాటిని చూడగలుగుతున్నది గచ్చు రాలిపోయినందువల్లనే. గోడ చెక్కుచెదరకుండా ఉన్నచోట లోపల ఇంకెన్ని ఉన్నాయో చెప్పడం కష్టం.

ఆ ఎరిగిన మనిషి బదులు ఒక పటం ఉంటే మేలు అని మొదట ఆలోచించి రాసిపెట్టినవాడు, నాకు తెలిసినంతలో, రోమునగరపు నీటి అధికారి ఫ్రాంటినస్. క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఆయనకు ఆ పదవి ఇచ్చాడు. అంతకుముందు ఆయన సేనాని, బ్రిటనులో గవర్నరు. ఇంత పెద్దమనిషి నీటిగొట్టాల పెత్తనానికి వచ్చి, తనకింది ఉద్యోగుల మాట మీద ఆధారపడడం సిగ్గుచేటు అనుకుని, అన్ని కాలువలనూ స్వయంగా తిరిగి చూసి, వాటికి పటాలు గీయించాడు. కాలువ ఎక్కడ లోయ దాటుతుందో, ఎక్కడ కొండవాలున పోతుందో బల్లముందు కూర్చునే తెలిసేటట్లు. ఆయన గ్రంథంలో మరొక ముచ్చట ఉంది. నగరంలో రాళ్ళు పరచిన బాటల కింద దొంగ గొట్టాలు చాలా దూరాలు పాకి ఉండేవి. అసలు గొట్టానికి చిల్లుపెట్టి నీళ్లు అమ్ముకునే పనికి ఏకంగా ఒక ఉద్యోగి ఉండేవాడట, ఆ చిల్లుల పేరుతోనే అతనిని పిలిచేవారట. ఆ దొంగ గొట్టాలు పెరికించగా వచ్చిన సీసం తక్కువేమీ కాదని ఆయన సంతోషించాడు. గొట్టానికి చిల్లు పడుతుందేమోనన్న భయం నేడు మనది. ఆనాటి రోములో గొట్టానికి చిల్లు పెట్టడమే కొందరికి వృత్తి!

ఇక మన ఊరికి వద్దాం. రేణిగుంటకు రైలు 1862లో వచ్చింది. అరక్కోణం నుంచి వాయవ్యంగా చీలి రాయచూరు వైపు సాగిన మద్రాసు రైల్వే శాఖ మొదట ఇక్కడిదాకా వేయబడింది. 1871లో రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. ఈ సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది; చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. రేణిగుంట ఇప్పుడు ఉన్న తిరుపతి జిల్లా 2022లో ఏర్పడింది. తరువాత మీటరుగేజి లైన్లూ వచ్చి కలిసి రేణిగుంట జంక్షను అయింది. ఆవిరి ఇంజనుకు బొగ్గుకన్న ముందు నీళ్లు కావాలి గనుక స్టేషను ఉన్నచోటల్లా ఎత్తున ఒక తొట్టి, దానినుంచి పోతయినుప గొట్టం, పట్టాల పక్కన ఏనుగుతొండం వంటి నీటిస్తంభం వెలిశాయి. ఊళ్ళలో జనం చేదతో తోడుకుంటున్న కాలంలో గొట్టంలోంచి నీళ్లు పడడం చాలామంది మొదట చూసింది రైల్వే ఆవరణలోనే అయి ఉండాలి. మద్రాసు నగరానికే రెడ్‌హిల్స్ చెరువు నుంచి నీటి సరఫరా 1872లో గాని రాలేదు.

ఆ రైలుదారి వేసినప్పుడు రాతికి చిల్లు పెట్టిన విధానం తెలుసుకోదగినది. డైనమైటు ఇంకా పుట్టలేదు. నోబెల్‌కు దాని పేటెంటు 1867లో వచ్చింది. ఉన్నది నల్లమందు. దానిని కూరడానికి రాతిలో లోతైన బెజ్జం కావాలి. ఒక మనిషి ఉక్కు గడ్డపారను నిలువుగా పట్టుకుంటాడు, మరొకడు సమ్మెటతో కొడతాడు. దెబ్బ పడిన వెంటనే పట్టుకున్నవాడు గడ్డపారను కొద్దిగా తిప్పుతాడు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పు. నడుమ నడుమ నీళ్లు పోసి రాతిపిండి తోడేస్తారు. మన ప్రాంతంలో రాతిపనికి పేరుపడిన వడ్డెరల చేతుల్లో ఈ విద్య తరతరాలుగా ఉంది. నేటి హ్యామరు డ్రిల్లు చేసేదీ అదే, దెబ్బా తిప్పూను. నిమిషానికి వేలసార్లు చేస్తుంది, అంతే భేదం.

ఈ భేదం చిన్నది కాదు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

రైల్వేవారు, పబ్లిక్ వర్క్స్ వారు కట్టిన పాత కట్టడాలను చూడండి. ఎర్ర ఇటుక గోడ, సున్నపు దరజులు. నీటిగొట్టం గోడ బయట, ఇనుప పట్టీలతో బిగించి, అందరికీ కనబడేటట్లు పైకి పాకుతుంది. చూడడానికి సొంపుగా ఉండదు. కానీ ఎక్కడ కారినా తెలుస్తుంది, ఎక్కడ తుప్పు పట్టినా తెలుస్తుంది, గోడను పగలగొట్టకుండానే మార్చవచ్చు. విద్యుత్తు వచ్చినప్పుడూ అదే పద్ధతి. మద్రాసులో విద్యుత్ ట్రాము 1895లోనే నడిచింది గాని, చిన్న ఊళ్ళ ఇళ్ళకు దీపం రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. వచ్చినప్పుడు తీగలు గోడమీదనే ఉండేవి. మొదట కొయ్యతో చేసిన గాడిలో తీగ పెట్టి పైన కొయ్య మూత. తరువాత టేకు బద్దమీద రేకు క్లిప్పులతో నొక్కిన తీగ. ఆ బద్దలను నిలబెట్టడానికి గోడకు రంధ్రాలు కావాలి. ఉలితో చదరంగా తొలిచి, అందులో కొయ్యముక్క దిగగొట్టి, సున్నం పూసి, ఆ కొయ్యలోకి మరమేకు బిగించేవారు. ఒక్క రంధ్రానికి అరగంట. ఆ కొయ్య కొన్నేళ్ళకు ఎండి వదులయ్యేది.

లండనులో ఈ బాధ నుంచే ఒక చిన్న వస్తువు పుట్టింది. బ్రిటిష్ మ్యూజియంలో విద్యుత్ సామగ్రి బిగించవలసి వచ్చింది. గోడలకు గాయం మాత్రం కనబడకూడదన్నారు. జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు 1911 ప్రాంతంలో జనపనారను జిగురుతో బిగించి సన్నని గొట్టంలాగా చేశాడు. చిన్న గుండ్రటి రంధ్రంలో దానిని దూర్చి మరమేకు తిప్పితే, నార వ్యాకోచించి గోడను పట్టుకుంటుంది. రాల్‌ప్లగ్ అనే పేరు అతని ఇంటిపేరు నుంచి వచ్చినదే. ఆనాడు ప్రపంచపు జనపనార దాదాపు అంతా బెంగాలు పొలాల నుంచే పోయేదని గుర్తుంచుకుంటే, మ్యూజియం గోడలను కాపాడిన పంట మన పక్కదే. 1958లో జర్మనీవాడు ఆర్తుర్ ఫిషర్ నారకు బదులు నైలానుతో చేశాడు. నేడు హార్డువేరు దుకాణంలో పొట్లంలో కట్టి ఇచ్చే రంగుల ప్లాస్టిక్ ప్లగ్గులు దాని సంతతి.

డ్రిల్లు కథ వేరే దారిలో నడిచింది. చేత పట్టుకునే విద్యుత్ డ్రిల్లును స్టుట్‌గార్టులోని ఫైన్ సంస్థ 1895లో చేసింది. ఏడున్నర కిలోల బరువు, రెండు చేతులతోనూ రొమ్ముతోనూ ఆనించి పట్టుకోవాలి. తుపాకి పిడి, మీట ఉన్న రూపానికి బ్లాక్ అండ్ డెకర్ వారికి 1917లో పేటెంటు దక్కింది. అయినా రాతికి, ఇటుకకు అది చాలలేదు, ఉక్కు మొన ఇట్టే మొద్దుబారేది. తిరుమల కొండల రాయి క్వార్ట్‌జైటు. ఘాట్ రోడ్డులో వెళ్ళేటప్పుడు కింద గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపించే చోటును భూగర్భ శాస్త్రజ్ఞులు ఎంతో అపురూపంగా చూస్తారు. రెంటి నడుమ కోట్ల సంవత్సరాల విరామం ఉంది మరి. ఆ రాతిలోని స్ఫటికం మామూలు ఉక్కును అరగదీస్తుంది. 1920ల చివర జర్మనీలో క్రుప్ సంస్థ టంగ్‌స్టన్ కార్బైడును విడియా అనే పేరుతో అమ్మకానికి తెచ్చాక గాని రాతిని తట్టుకునే మొన దొరకలేదు. ఆ పేరుకు వజ్రంవంటిది అని అర్థం. ఇప్పుడు మన మేస్త్రీలు వాడే ప్రతి రాతి బిట్టు కొసనా అతికించి ఉన్న చిన్న పలక అదే పదార్థం.

ఇప్పుడు ఇందాకటి భేదం. ఉలితో తొలిచేవాడికి గోడ మాట్లాడుతుంది. సున్నపు పొడి తెల్లగా వస్తుంది, ఇటుక పొడి ఎర్రగా వస్తుంది. లోపల డొల్ల ఉంటే ధ్వని మారుతుంది. ఇనుము తగిలితే చేయి జివ్వుమంటుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆగి ఆలోచించే వ్యవధి ఉంది. విద్యుత్ డ్రిల్లు ఆ సంభాషణను తెగగొట్టింది. పలస్త్రీ దాటి, ఇటుక దాటి, గొట్టం దాటి పోవడానికి దానికి మూడు నాలుగు క్షణాలు చాలు. చేతికి తెలిసేసరికి నీళ్లు చిమ్ముతుంటాయి. సరిగ్గా ఈ యంత్రం చవకై ఇంటింటికీ వచ్చిన రోజులలోనే మన గోడలు గొట్టాలను లోపలికి లాక్కున్నాయి. నా అంచనాలో మనవంటి చిన్న పట్టణాలలో ఈ రెండూ కలిసింది 1990ల తరువాత. ఒక్కొక్కటిగా వచ్చి ఉంటే ఇంత చిక్కు ఉండేది కాదు. పాత గోడకు కొత్త డ్రిల్లు ప్రమాదం కాదు, కొత్త గోడకు పాత ఉలి ప్రమాదం కాదు.

గొట్టాలు లోపలికి ఎందుకు పోయాయంటే, అందం కోసం. బద్దమీది తీగలు, గోడమీది ఇనుప గొట్టాలు పేదరికపు గుర్తులయ్యాయి. "కన్సీల్డ్ వైరింగ్" అని అద్దె ప్రకటనలలో గొప్పగా వేసికొనే రోజులు వచ్చాయి. ప్లాస్టిక్ గొట్టాలు తేలిక, చవక, తుప్పు పట్టవు. కట్టుబడి ముగిశాక గోడలో గాడి కొట్టి, గొట్టం పెట్టి, సిమెంటుతో పూడ్చి, పలస్త్రీ చేసి రంగు వేస్తే అన్నీ మాయం.

ఈ గాడికి ఒక లెక్క ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం, బరువు మోసే ఇటుక గోడలో నిలువు గాడి గోడ మందంలో మూడోవంతుకు, అడ్డ గాడి ఆరోవంతుకు మించరాదు. తొమ్మిదంగుళాల గోడకైతే నిలువున మూడంగుళాలు, అడ్డంగా అంగుళంన్నర. ఫరవాలేదు. కానీ మన ఇళ్ళలో గదుల నడుమ కట్టేది నాలుగున్నర అంగుళాల గోడ. దానిలో అడ్డ గాడి ముప్పాతిక అంగుళం మించరాదు. అంగుళం గొట్టం అందులో పట్టనే పట్టదు. కాంక్రీటు స్తంభాల నడుమ ఉండే గోడ ఇంటి బరువు మోయదు గనుక మేస్త్రీ ఆ లెక్క పట్టించుకోడు, పట్టేదాకా కొడతాడు. ఫలితం ఏమంటే గొట్టం అర అంగుళం పలస్త్రీ వెనుకనే మొదలై, అంగుళంన్నర లోతులో ముగుస్తుంది. ప్లాస్టిక్ ప్లగ్గుకు మనం వేసే రంధ్రం లోతు సుమారు రెండంగుళాలు. అంటే దారిలో గొట్టం ఉంటే డ్రిల్లు దానిని తప్పించుకుపోయే అవకాశం లేదు. భయం ఉత్త భయం కాదు, కొలతలలోనే ఉంది.

మరి దారి ఎటు? ఇక్కడే మన పద్ధతిలోని లోపం బయటపడుతుంది. స్విచ్‌బోర్డు నుంచి తీగ నిటారుగా పైకో కిందికో, లేదా సరిగ్గా అడ్డంగానో పోవాలనేది చాలా దేశాలలో కట్టుబాటు. మన దగ్గర మూరెడు గొట్టం మిగులుతుందని మూలగా గాడి కొట్టిన గోడలను నేను స్వయంగా చూశాను. నీటిగొట్టం ఇంకా స్వేచ్ఛాజీవి. నేలలోని సంపు నుంచి మోటారు గొట్టం బేస్‌మెంటు దాటి గోడలోకి ఎక్కడ ఎక్కుతుందో, పైతొట్టి నుంచి దిగే గొట్టం ఏ స్నానాలగది వెనుక మలుపు తిరుగుతుందో గీసిన కాగితం వందిళ్ళలో ఒక ఇంట్లోనైనా ఉంటుందని నాకు నమ్మకం లేదు. పంచాయతీకో మునిసిపాలిటీకో ఇచ్చే ప్లానులో గదులుంటాయి, కిటికీలుంటాయి, గొట్టాలుండవు. అది ప్లంబరు తలలో ఉంటుంది. అతను పని ముగించుకుని మరొక ఊరు పోతాడు. గోల్కొండ నీటివాళ్ళ కథే ఇది. అక్కడ రాజ్యం కూలవలసి వచ్చింది, ఇక్కడ బిల్లు చెల్లిస్తే చాలు.

లోపల ఏమున్నదో తెలియని గోడ ఎంత పెద్దదైతే ఆ తెలియకపోవడం అంత పెద్దదవుతుంది. రేణిగుంటకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం ఉండేది. కింద రాతి అధిష్ఠానం, పైన ఇటుక, సున్నం, గచ్చు బొమ్మలు, లోపల బోలు. దక్షిణాది గోపురాల నిర్మాణమే అది. గోపురానికి పగుళ్ళు ఉన్నవని ఊరంతా ఎరుగుదురు. 2010 మే 26వ తేదీ రాత్రి అది కూలిపోయింది. ముందుగానే జనాన్ని దూరంగా తరలించి ఉండడం మేలయింది. కారణాలను గూర్చి చర్చ చాలా జరిగింది. నేను ఆ తీర్పులోకి పోను. దాని స్థానంలో కట్టిన కొత్త రాజగోపురానికి 2017 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

అయిదు వందల ఏళ్ళ కట్టడంలో పగులు కనిపించినప్పుడు మనిషి చేయగలిగిన పనులలో ఒకటి, దానికి చిల్లులు పెట్టడమే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. సన్నని రంధ్రాలు కాస్త వాలుగా లోపలికి వేసి, కింది రంధ్రాలతో మొదలుపెట్టి పైకి పోతూ, పల్చని ముద్దను ఒత్తిడితో ఎక్కిస్తారు. పాత మందపు గోడలు చాలావరకు రెండు చక్కని ముఖాలూ, నడుమ రాళ్ళముక్కలూ సున్నమూ పోసిన పొట్టా గలవి. ఆ పొట్టలో శతాబ్దాల వాననీరు సున్నాన్ని కరిగించి తీసుకుపోతే ఖాళీలు మిగులుతాయి. ముద్ద ఆ ఖాళీలను నింపాలి. ఎంత ఒత్తిడి? ఎక్కువైతే ముఖమే ఉబ్బి ఊడిపోతుంది. సిమెంటా, సున్నమా? సిమెంటు సున్నంకన్న బిరుసు, తేమను బంధిస్తుంది. పాత ఇటుక దానితో పొసగక పొరలుగా రాలడం అనేకచోట్ల చూసినదే. ఈనాడు డ్రిల్లు పెట్టకముందు శబ్ద తరంగాలతో, రాడారుతో లోపలిని తడిమిచూసే పరికరాలున్నాయి. ఒక చిన్న రంధ్రం వేసి సన్నని కెమెరా దూర్చి చూడవచ్చు కూడా. ఆసుపత్రిలో పొట్టలోకి గొట్టం వేసి చూసే వైద్యానికీ దీనికీ తేడా లేదు.

ఇంటి గోడకు అంత హంగు అక్కరలేదు. కొన్ని వందలు మొదలు కొన్ని వేల రూపాయల దాకా గోడ తడిమే చిన్న యంత్రాలు వచ్చాయి. వాటి పరిమితి తెలిసి వాడాలి. అయస్కాంత ప్రేరణతో పనిచేసేది లోహాన్ని పట్టుకుంటుంది. పాత ఇనుప గొట్టం దొరుకుతుంది, ప్లాస్టిక్ గొట్టం దొరకదు. విద్యుత్తును పసిగట్టేది తీగలో కరెంటు ఉన్నప్పుడే కూస్తుంది. స్విచ్చి ఆపి వెదికితే తీగ లేదనే చెబుతుంది. అమెరికాలోని మిత్రులు తెచ్చి ఇచ్చే యంత్రాలలో చాలావరకు అక్కడి పలక గోడల వెనుక కొయ్య నిలువుల కోసం చేసినవి. మన ఇటుక మీద అవి ప్రతి జానెడుకూ ఒకసారి కూస్తాయి. నీళ్లు నిండిన ప్లాస్టిక్ గొట్టాన్ని కనిపెట్టే ఖరీదైన పరికరాలు ఉన్నవి గాని, తడిసిన గోడ వాటినీ మోసగిస్తుంది.

అందుచేత మేస్త్రీల పాత ఉపాయాలకు ఇంకా విలువ ఉంది. కొళాయికి, స్విచ్‌బోర్డుకు, గీజరు బిందువుకు సరిగ్గా పైనా కిందా పక్కనా జానెడు వెడల్పు మేర నిషిద్ధం అనుకోవాలి. గది అవతలి ముఖాన ఏముందో చూడాలి. పడకగదిలో డ్రిల్లు పెట్టే చోటు స్నానాలగది వెనుక గోడ కావచ్చు. వేలి కణుపుతో తడుతూ పోతే గాడి పూడ్చినచోట మోత మారుతుంది. పైతొట్టి వాల్వు కట్టి, మెయిను ఆపి, ముందు అర అంగుళం మాత్రమే తొలిచి, యంత్రం ఆపి, బయటికి వచ్చిన పొడి రంగు చూడాలి. బూడిదరంగు సిమెంటు పొడి రావలసినదానికన్న లోతుగా వస్తూనే ఉంటే, ఇటుక ఎరుపు కనబడకపోతే, అది పూడ్చిన గాడి అన్నమాట. అక్కడ ఆగిపోవాలి. కరెంటు తీగ విషయంలో మాత్రం ఉపాయాలను నమ్ముకోరాదు. 30 మిల్లీఆంపియర్ల లీకుకే తెగిపోయే రక్షణ స్విచ్చి బోర్డులో ఉన్నదో లేదో చూసికొన్న తరువాతనే డ్రిల్లు చేతబట్టాలి.

కొత్తగా ఇల్లు కట్టేవారికి ఇదంతా అక్కరలేదు. గాడులు పూడ్చకముందు, ప్రతి గోడకూ ఒక కొలత టేపు ఆనించి ఫోటో తీసికొంటే సరిపోతుంది. ఫ్రాంటినస్ మనుషులను పెట్టి గీయించిన పటం మనకు జేబులోని ఫోను ఊరకే ఇస్తున్నది. ఆ ఫోటోలను ఫోనులోనే వదిలేయక అచ్చు వేయించి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టాలి. ఇల్లు చేతులు మారినప్పుడు దస్తావేజులు మారతాయి, ఫోను మారదు కదా.

ఉమ్మడి గోడ ఉన్న పాత వీధుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఇటువైపు వారు గాడి కొట్టి గొట్టం వేస్తే, అటువైపు వారికి ఆ గోడ తమదే. తొమ్మిదంగుళాల గోడలో ఇద్దరి గొట్టాలూ వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. పక్కింటివారు పటం గోడకు తగిలించిన సాయంకాలం మన స్నానాలగదిలో నీళ్లు రాకపోతే, ఎవరిని అడగాలో చెప్పే చట్టం నాకు కనబడలేదు. ఇప్పటికైతే పెద్దవాళ్ళు గోడ దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఎక్కడ కొడుతున్నారు?" అని ముందే ఒక కేక వేయడమే అక్కడి పద్ధతి.